మౌస్ ఎవరి చేతిలో ఉంది?

(ప్లాటినం జూబిలీ సభలో మన పాఠశాల ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై ఐదేళ్ళ పండుగ ఇది. ఇటువంటి సందర్భంలో పాఠశాల చరిత్రను, ఉత్తీర్ణతా శాతాలను, కట్టిన గదులను ఏకరువు పెట్టడం ప్రధానోపాధ్యాయులకు ఆనవాయితీ. ఆ వివరాలన్నీ ఈనాడు ఆవిష్కరించుకుంటున్న సంచికలో నివేదికగా ఉన్నాయి కనుక వాటినే మళ్ళీ చదివి మీ సహనాన్ని పరీక్షించను. నేను చాలా చిన్న వస్తువును గురించి మాట్లాడదలచాను. అది అరచేతిలో ఇమిడిపోయేది, మన కంప్యూటర్ గదిలో బల్లల మీద ఉండేది, మౌస్. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న వస్తువా అని మీరు అనుకోవచ్చు. ఉపాధ్యాయినిగా నేను చాలాకాలం గుర్తించని పొరపాటు ఒకటి ఆ చిన్న వస్తువు వల్లనే నా కంటబడింది. దానిని మీ అందరి ఎదుట ఒప్పుకోవడానికి ఇంతకంటె తగిన రోజు లేదనిపించింది.

ముందుగా మన ఊరి సంగతి రెండు మాటలు. 1882లో మైసూరు మహారాజు పదవ చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇచ్చిన భూములలో వెలసిన ఊరు మన వైట్‌ఫీల్డ్. ఆ సంఘ నాయకుడు వైట్ దొర పేరే ఊరికి నిలిచింది. చాలాకాలం ఇది తోటలు, పెంకుటిళ్ళు, రైల్వే స్టేషను ఉన్న ప్రశాంతమైన పల్లె. 1990ల నడుమ భారత్, సింగపూర్‌ల ఉమ్మడి ప్రయత్నంగా ఇక్కడ టెక్ పార్కు నిర్మాణం ఆరంభమైంది. ఆపైన ఈ ఊరి పేరు ప్రపంచానికంతటికీ తెలిసింది. ఆ అద్దాల మేడలు కట్టడానికి, వాటికి కాపలా కాయడానికి, వాటి తోటలకు నీళ్ళు పెట్టడానికి చిత్తూరు, అనంతపురం, కోలారు ప్రాంతాలనుండి వచ్చిన కుటుంబాల పిల్లలే నేడు మన పాఠశాలలో అధిక సంఖ్యలో ఉన్నారు. మన ప్రహరీ గోడకు ఆవల వేలాది మౌస్‌లు పగలూ రాత్రీ కదులుతూ ఉంటాయి. గోడకు ఈవల ఒక్క మౌస్ కోసం పది చేతులు చాచి ఉంటాయి. నేను చెప్పబోయేదంతా ఈ రెంటి మధ్యనున్న దూరాన్ని గురించే.

నేను మొదటిసారి మౌస్ పట్టుకున్నది 2000 సంవత్సరం ప్రాంతంలో, ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో. బోధనలో అప్పటికి కొన్నేళ్ళ అనుభవం ఉంది; తరగతి గదిలో నాకు భయమంటే తెలియదు. ఆ రోజు మాత్రం చేయి వణికింది. తెరమీద బాణం గుర్తును కుడివైపు మూలకు తీసుకుపొమ్మన్నారు. మౌస్‌ను జరుపుతూ జరుపుతూ బల్ల అంచుదాకా వచ్చాను. బాణం ఇంకా తెర మధ్యనే ఉంది. ఏం చేయాలో తోచక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. శిక్షణ ఇస్తున్న అబ్బాయి, నా విద్యార్థుల వయసువాడు, మెల్లగా వచ్చి, "పైకెత్తి మళ్ళీ మధ్యలో పెట్టండి మేడమ్, ఎత్తినప్పుడు బాణం కదలదు" అన్నాడు. అతను నవ్వలేదు. నేను నా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చుకున్న బోధనాపద్ధతులన్నింటి సారం అతను నవ్వకపోవడంలో ఉందని ఆనాడే అనుకున్నాను.

ఎత్తితే బాణం ఎందుకు కదలదు? ఆనాటి మౌస్ కడుపులో రబ్బరు పూత పూసిన చిన్న బంతి ఉండేది. బల్లమీద మౌస్ జరిగినప్పుడు బంతి దొర్లుతుంది. దానికి ఆనుకొని ఒకటి నిలువుకు, ఒకటి అడ్డానికి రెండు చిన్న కడ్డీలు తిరుగుతాయి. వాటి కొసలనున్న చిల్లుల చక్రాలగుండా కాంతి పడుతూ ఆగుతూ ఉంటే, ఆ పడడాన్నీ ఆగడాన్నీ కంప్యూటర్ లెక్కపెట్టుకుంటుంది. ఎటు ఎంత కదిలిందో దానికి అట్లా తెలుస్తుంది. గాలిలోకి ఎత్తితే బంతి దొర్లదు, లెక్క ఉండదు. మన గణితోపాధ్యాయులు గ్రాఫు కాగితం మీద చెప్పే నిలువు, అడ్డు అక్షాల పాఠమే అది. నేటి మౌస్‌లో బంతి లేదు. అడుగున చిన్న దీపం, చిన్న కెమెరా ఉంటాయి. ఆ కెమెరా సెకనుకు వెయ్యికి పైగా బల్ల ఉపరితలాన్ని చిత్రాలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి కదలికను గ్రహిస్తుంది. నున్నని అద్దం మీద అది తడబడేది అందుకే. పోల్చుకోవడానికి అక్కడ గుర్తులేమీ కనిపించవు.

బంతి ఉన్న రోజుల్లో మన పాఠశాలలో ఒక వింత జరిగేది. సోమవారం ఉదయం మౌస్‌లు పనిచేసేవి కావు. తిప్పి చూస్తే కడుపు ఖాళీ. మగపిల్లలు బంతులు తీసి గోళీలాడుకునేవారు. ఆ గోళీల వీరులలో ఒకరిద్దరు ఈ సభలో ముందు వరుసలోనే ఉన్నారు. వారు నేడు గౌరవప్రదమైన ఉద్యోగాలలో ఉన్నందున పేర్లు చెప్పను.

ఈ పరికరాన్ని కనిపెట్టినవారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన నౌకాదళంలో రాడార్ తెరలతో పనిచేసినవారు. మనిషి బుద్ధికి యంత్రం తోడుగా నిలవాలని, మనుషులు కలిసి ఆలోచించడానికి అది సాయపడాలని ఆయన ఆశయం. ఆయన ఆలోచన ప్రకారం 1964లో సహచరుడు బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన తొలి మౌస్ ఒక చెక్కపెట్టె. దానికి అడుగున రెండు చక్రాలు, పైన ఒకే ఒక మీట ఉండేవి. వెనుకనుండి తీగ తోకలా వేలాడడం చేత దానిని ఎలుక అని పిలిచారు. చివరికి ఆ ముద్దుపేరే స్థిరపడింది. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యిమంది నిపుణుల ఎదుట ఆయన దానిని ప్రదర్శించారు. 1970లో పేటెంటు వచ్చింది. ఆ పేటెంటు గడువు 1987లో, మౌస్ ఇంటింటికీ చేరకముందే ముగిసిపోయింది. దాని మీద హక్కు రుసుముగా ఆయనకు ఏమీ ముట్టలేదు. 2013లో ఆయన కాలధర్మం చెందారు.

ఆ చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం ఒకటుంది. ఎంగెల్‌బార్ట్ బృందం మౌస్‌ను ఇతర పరికరాలతో పోల్చి పరీక్షించింది. తెరకు ఆనించే కాంతి కలం, చేత్తో వంచే కడ్డీ, మోకాలితో కదిపే మీట కూడా అందులో ఉన్నాయి. అలవాటుపడినవారి చేతిలో మౌస్ అన్నిటికంటె మిన్నగా నిలిచింది. కొత్తవారికి మాత్రం అది తొలిసారే అంత సులువుగా లొంగలేదు. అంటే మౌస్ గుణం వస్తువులో సగమే ఉంది, మిగతా సగం చేతి అలవాటులో ఉంది. పుట్టినప్పటినుండీ అది అభ్యాసాన్ని కోరే పరికరమే. మరి అభ్యాసం ఎవరికి దొరుకుతోంది అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు వచ్చేముందు, తెలుగు మాధ్యమంలో చదువుకునే పిల్లలకు మౌస్ చేసిన మేలు చెప్పుకోవాలి. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దేశంలోని ఎంపికచేసిన పాఠశాలలలో బీబీసీ మైక్రో కంప్యూటర్లను ప్రవేశపెట్టింది. వాటితో పని చేయించాలంటే ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరాలలో పొల్లుపోకుండా టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పితే యంత్రం పలకదు. అంటే ముందు ఇంగ్లీషు రావాలి, తరువాతనే కంప్యూటర్. మౌస్ వచ్చాక ఆ వరుస మారింది. తెరమీద బొమ్మ ఉంటుంది, బొమ్మను చూపితే పని జరుగుతుంది. పసిబిడ్డ మాటలు రాకముందే చంద్రుణ్ణి వేలితో చూపుతుంది కదా! చూపడం అన్ని భాషలకంటె ముందుది. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా ఒక గోడలో కంప్యూటర్‌ను అమర్చి, పేటలోని పిల్లలకు ఏమీ చెప్పకుండా విడిచిపెట్టినప్పుడు, వారు బాణం గుర్తుకు సూది అని, వేచి ఉండమని చెప్పే ఇసుక గడియారపు గుర్తుకు ఢమరుకం అని తమ భాషలో తామే పేర్లు పెట్టుకున్నారు. చేతికి అందితే పిల్లలు పేరు కూడా తామే పెట్టుకుంటారు.

అయితే చేతికి అందాలి. అక్కడే నా పొరపాటు ఉంది.

సుమారు పదేళ్ళ క్రితం మాట. దసరా సెలవులకు ముందు మన పాఠశాలలో ఆయుధ పూజ చేసుకున్నాం. ప్రయోగశాల త్రాసులకు, తోటమాలి కత్తెరలకు, కంప్యూటర్లకు బొట్లు పెట్టడం మన ఆచారం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఒక్కొక్క మౌస్‌నూ మెత్తని గుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక్కొక్క పువ్వు ఉంచుతోంది. అంత శ్రద్ధగా చేయడం చూసి ముచ్చటపడి, "కంప్యూటరంటే నీకింత ఇష్టమా అమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల తల వంచుకొని, "ఏడాదికి ఈ ఒక్కరోజే కదా మేడమ్, దీన్ని నేను ముట్టుకునేది" అంది.

ఆ మాట నిందగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలపట్టికలో ప్రతి తరగతికీ కంప్యూటర్ పీరియడ్ ఉంది. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఉంది. నివేదికలలో విద్యార్థులందరికీ కంప్యూటర్ విద్య అని నా చేత్తోనే రాసి సంతకం చేశాను. సెలవుల తరువాత వారం రోజులు ఆ గది కిటికీ దగ్గర నిలబడి గమనించాను. ఒక్కొక్క కంప్యూటర్ చుట్టూ అయిదుగురు, ఆరుగురు. ప్రతిచోటా మౌస్ ఒక్కరి చేతిలోనే ఉంది. వారం పొడుగునా అదే చేయి. ఎక్కువగా మగపిల్లలు, లేదా ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు, లేదా గట్టిగా మాట్లాడగలవారు. మిగిలినవారు భుజాల మీదుగా చూస్తున్నారు. ఆడపిల్లలు, కొత్తగా ఊరినుండి వచ్చినవారు, వెనుక వరుసలో నిలబడి నోటు పుస్తకాలలో తెర బొమ్మ గీసుకుంటున్నారు. పరీక్షలో మౌస్ భాగాలను వర్ణించమంటే వారు చక్కగా వర్ణించేవారు. మార్కులు కూడా బాగా వచ్చేవి. అందువల్లనే నా కంట పడలేదు.

ఈ బాధను ఒక పూర్వ విద్యార్థితో చెప్పుకుంటే అతను ఒక పరిశోధన వ్యాసం తెచ్చి ఇచ్చాడు. చదివి ఆశ్చర్యపోయాను. 2005లో మన బెంగళూరులో ఆరంభమైన మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ ఇండియాలో ఉదయ్ సింగ్ పవార్, జోయోజీత్ పాల్, కెంటారో తోయామా మొదలైనవారు ఈ సమస్య మీదనే పనిచేశారు. ఒకే కంప్యూటర్‌కు అనేక మౌస్‌లు తగిలించి, ఒక్కొక్క పిల్లవాడికి తెరమీద వేరువేరు బాణం గుర్తు కనిపించేటట్లు చేశారు. 2007లో వారు ప్రకటించిన అధ్యయనంలో పేద గ్రామీణ కుటుంబాలకు చెందిన 238 మంది బడిపిల్లలు ఇంగ్లీషు పదాలు నేర్చుకున్నారు. అయిదుగురు ఒకే కంప్యూటర్ దగ్గర కూర్చున్నా, ఎవరి మౌస్ వారికి ఉన్నప్పుడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క కంప్యూటర్ ఇచ్చినదానికి దీటుగా నేర్చుకున్నారని ఫలితం వచ్చింది. అంటే కంప్యూటర్లను అయిదింతలు చేయనక్కరలేదు, మౌస్‌లను అయిదింతలు చేసినా చాలు. మరొక విశేషమేమంటే, పద్ధతి మారినప్పుడల్లా మగపిల్లల నేర్పులో తేడాలు వచ్చాయి. ఆడపిల్లలు ఏ పద్ధతిలోనైనా ఇంచుమించు ఒకే తీరున నేర్చుకున్నారు. పోటీగా ఆడించినప్పటికీ, కలిసి ఆడించినప్పటికీ ఫలితాలలో స్పష్టమైన భేదం కనిపించింది.

మనకు ఆ ప్రత్యేక ఏర్పాటు లేదు. ఉన్నదానితోనే ఒక నియమం పెట్టుకున్నాం: తెలిసినవారు చేతులు కట్టుకొని నోటితో చెప్పాలి, తెలియనివారు చేతితో చేయాలి. ఏడు నిమిషాలకొకసారి గంట, గంటకు చేయి మారాలి. వరుస హాజరు పట్టీని బట్టి. మొదటి నెల ఆడపిల్లల వైపునుండి. ఎడమచేతి వాటం పిల్లలకు మౌస్ ఎడమవైపు పెట్టి, మీటల వరుస మార్చి ఇవ్వాలి.

ఇదేదో మంత్రం వేసినట్లు ఫలించిందని చెప్పను. గదిలో గోల పెరిగింది. "వాళ్ళకు రాదు, నాకు వచ్చు, నేను చేస్తే త్వరగా అయిపోతుంది కదా మేడమ్" అని తెలివైన పిల్లలు అలిగారు. ఒక ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చి, "ఈ లెక్కన సిలబస్ పూర్తికాదండీ" అన్నారు. ఆయన మాట నిజమే. ఆ ఏడాది రెండు పాఠాలు మిగిలిపోయాయి. ఆ నష్టాన్ని తెలిసే అంగీకరించాను. అయిదుగురిలో ఒక్కరికే చేతనైన పాఠం పూర్తయిన పాఠం కాదని వారికి నచ్చజెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బొట్లు పెట్టిన అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమె వంతు వచ్చినప్పుడు మొదటిరోజు నాలాగే బల్ల అంచుదాకా వెళ్ళిందట. మూడో వారంలో చిత్రాలు గీసే ప్రోగ్రాంలో చుక్కలు పెట్టి ముగ్గు వేసింది. పదకొండు చుక్కల మెలికల ముగ్గు. పిండితో నేలమీద గీత తప్పని చేయికి మౌస్ లొంగకుండా ఉంటుందా! అంతదాకా మౌస్ పట్టుకున్న కుర్రవాళ్ళు చేతులు కట్టుకొని, నోరు తెరుచుకొని చూశారు. ఆ మధ్యాహ్నం వాళ్ళమ్మను పిలిపించాను. ఆమె మన పక్కనున్న కార్యాలయాలలో శుభ్రం చేసే పనిలో ఉండేది. తెరమీద ముగ్గును చాలాసేపు చూసి, "దినామూ వందల మౌసులు తుడుస్తాను మేడం. ఎట్లుంటాదో తెలుసు, ఏం చేస్తాదో తెలీదు. మా పాపకన్నా తెలిసింది, చాలు" అంది. ఆ తల్లీ కూతుళ్ళు ఈ సభలోనే ఉన్నారు. లేచి నిలబడమని అడిగి వారిని ఇబ్బంది పెట్టను.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, తెరను వేలితో తాకితే చాలు, మౌస్ రోజులు పోయాయి కదా అని కొందరు అంటున్నారు. అలా అనుకునే నిరుడు మన విద్యార్థి ఒకడు నష్టపోయాడు. ఫోనులో అతనికి రాని విద్య లేదు. ఒక ప్రవేశ పరీక్షకు వెళ్ళి, తెర ముందు కూర్చొని, అలవాటు చొప్పున వేలితో తెరను తోశాడు. కదలలేదు. అతను మన బడిలో చేరింది పదో తరగతిలో. వచ్చిన ఏడాదిలో మౌస్ మీద చేయి తిరిగేంత అభ్యాసం మేము ఇవ్వలేకపోయాం. మొదటి పావుగంట బాణంతో పెనుగులాటకే సరిపోయింది. "జవాబులు తెలుసు మేడమ్, బాణమే మాట వినలేదు" అని నా ఎదుట కంటతడి పెట్టాడు. ఆంధ్రప్రదేశ్ 2017లో, తెలంగాణ 2018లో ఎంసెట్ పరీక్షను కంప్యూటర్ మీదకు మార్చాయి. 2019నుండి ఇంజనీరింగు ప్రవేశానికి జరిగే జేఈఈ మెయిన్ కూడా అట్లాగే జరుగుతోంది. ఏళ్ళ తరబడి చదివిన చదువు ఆ మూడు గంటలలో మౌస్ మొన మీదుగా బయటికి రావలసి ఉంది. ఫోను చూడడానికి, వినడానికి పనికివస్తుంది. లెక్కల పట్టిక వేయాలన్నా, నకలు గీయాలన్నా, కార్యాలయంలో కూర్చొని పనిచేయాలన్నా నేటికీ ఎక్కువచోట్ల మౌస్ మీద చేయి వేయక తప్పదు.

అందుచేత మీ అందరికీ నావి కొన్ని విన్నపాలు.

పూర్వ విద్యార్థులారా! మీరు అభిమానంతో కంప్యూటర్లు ఇస్తున్నారు. మీకు మా కృతజ్ఞతలు. ఒక్కొక్క కంప్యూటర్‌తో పాటు అదనంగా రెండు మౌస్‌లు కూడా ఇవ్వండి, ఎందుకంటే అన్నిటికంటె ముందు అరిగిపోయేవి అవే. వాటితో పాటు మీ శనివారాలలో ఒక గంట ఇవ్వండి. వచ్చి పిల్లల పక్కన కూర్చోండి. ఎవరైనా బల్ల అంచుదాకా వెళ్ళి లేచి నిలబడితే, నవ్వకుండా, ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టమని చెప్పండి.

తల్లిదండ్రులారా! ఇంట్లో ఒకే కంప్యూటర్, ఒకే ఫోను ఉంటే అది కొడుకుది, వంటింటి పని కూతురిది అనే పంపకం వద్దు. వంతులు వేయండి. బిడ్డ తప్పు మీట నొక్కితే యంత్రం పాడైపోతుందని కేకలు వేయకండి. నొక్కి చూడనిదే నేర్పు రాదు.

నా తోటి ఉపాధ్యాయులారా! మౌస్ ఒక్కటే కాదు. ప్రయోగశాలలో పరీక్షనాళిక ఎవరి చేతిలో ఉంది? దేశపటం మీద కర్ర పెట్టి ఊళ్ళు చూపేది ఎవరు? నల్లబల్ల దగ్గరకు సుద్దముక్కతో రోజూ వచ్చేది ఎవరు? వారానికొకసారి మీ తరగతిని మీరే కిటికీలోంచి చూసినట్లు చూడండి. నా కళ్ళు తెరవడానికి ఒక పిల్ల మాట కావలసి వచ్చింది. మీకు అంత ఆలస్యం కాకూడదని నా కోరిక.

డెబ్బై ఐదేళ్ళ కిందట ఈ బడి పెట్టినవారు పలక కొనలేని పిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దించారని పెద్దలు చెప్పగా విన్నాను. వేలు పట్టి దిద్దించారు. ఒకరు దిద్దుతుంటే పదిమందిని చూస్తూ ఉండమనలేదు. మనం చేయవలసింది కూడా అదే.

సభానంతరం కంప్యూటర్ గది తెరచి ఉంటుంది. పిల్లలు అక్కడ మీకోసం ఎదురు చూస్తూ ఉంటారు. అందరూ దయచేసి రావాలి. ఒక్క మనవి: ఆ గది నియమం పెద్దలకు కూడా వర్తిస్తుంది. తెలిసినవారు చేతులు కట్టుకోవాలి.